చిరుతా, జంగపిల్లా? ఇంటి నుంచి చూసేవారి సందేహాలు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావాటికి ఫొటోనో వీడియోనో జత చేసి ఉంది. ఫొటో ఉన్నంత మాత్రాన పేరు తేలిపోదు. ఎంత దూరం నుంచి తీశారు, ఎన్ని గంటలకు తీశారు, ఆ జీవి ఏం చేస్తోంది అన్నవి రాసినవాళ్లకు కచ్చితంగా చెప్పగలిగాం. రాయనివాళ్లకు చెప్పడం కష్టమైంది. ఇకపై పంపేవాళ్లు ఈ మూడూ రాయండి.

ప్రశ్న: మా కాలనీ మహబూబ్‌నగర్ ఊరి చివర గుట్ట కింద ఉంటది. మొన్న రాత్రి 2 గంటలకు సీసీ కెమెరాల ఒక జంతువు గేటు ముంగట నుంచి నడిచిపోయింది. ఒంటి మీద మచ్చలున్నట్టే కొడుతున్నది. వాట్సాప్ గ్రూపుల 'చిరుత' అని పెట్టంగనే కొందరు పిల్లల్ని బడికి పంపుడు బంద్ చేసిన్రు. వీడియో పంపుతున్నం. చిరుతేనా?

జవాబు: కాదు, జంగపిల్లి. కొందరు అడవిపిల్లి అంటారు. దీన్ని తేల్చడానికి మచ్చల దాకా పోనక్కర్లేదు, తోక చాలు. చిరుత తోక 75 నుంచి 90 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. నడిచేటప్పుడు దాదాపు నేలకు తగిలేలా దిగి, చివర పైకి వంపు తిరుగుతుంది. మీ వీడియోలో జంతువు తోక వెనక కాలి మడమ దగ్గరే ఆగిపోయింది. చివర నల్లగా ఉంది, దానికి పైన రెండు మూడు పట్టీలున్నాయి. చెవులు నిక్కబొడుచుకుని కొసగా ఉన్నాయి. చిరుతకు గుండ్రటి చెవులుంటాయి.

మరి మచ్చలెక్కడివి? రాత్రిపూట ఇంటి కెమెరా ఇన్‌ఫ్రారెడ్ వెలుతురుతో చూస్తుంది, రంగు పట్టదు. మట్టిరంగు బొచ్చు తెల్లగా వస్తుంది, కాళ్ల మీది లేత చారలు ముక్కలై మచ్చల్లా కనపడతాయి. పైగా రికార్డింగు తక్కువ జాగాలో ఇమడాలని కెమెరా బొమ్మను గళ్లుగళ్లుగా నొక్కేస్తుంది. కదిలే జంతువు ఒంటి మీద ఆ గళ్లే మచ్చలైపోతాయి. అందుకే మచ్చలు చూసి తీర్పు చెప్పొద్దు. ఆకారం, తోక, ఎత్తు ఈ వరుసలో చూడండి.

ఎత్తు కొలవడానికి ఒక పద్ధతుంది, కష్టమేమీ కాదు. కెమెరాను కదపకుండా అట్లనే ఉంచండి. జంతువు ముందుకాలు నేలకు ఆనిన క్షణంలో వీడియో ఆపి, ఆ అడుగు ఏ టైలు మీద, గేటు ఏ కమ్మీ ఎదురుగా పడిందో రాసుకోండి. ఒక కర్రకు ప్రతి 10 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున తెల్ల టేపు చుట్టండి. తెల్లారాక సరిగ్గా అదే చోట కర్రను నిట్టనిలువుగా పట్టుకోమని ఒకరికి చెప్పి, అదే కెమెరాలోంచి బొమ్మ తీయండి. రెండు బొమ్మలూ పక్కపక్కన పెడితే భుజం ఏ పట్టీ దగ్గర ఉందో తెలిసిపోతుంది. జంగపిల్లి భుజం 35 సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. చిరుతది సాధారణంగా 50 నుంచి 70. మన వీధికుక్క వీటి నడుమ, చిరుతకే దగ్గరగా ఉంటుంది కాబట్టి ఎత్తు ఒక్కటే చూసి చిరుత అనుకోవద్దు. ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు ఏమిటంటే, కర్రను రెండడుగులు ముందుకో వెనక్కో పట్టడం. ఇళ్లకు పెట్టే కెమెరాలు వెడల్పు కోణం లెన్సువి. దగ్గరి వస్తువును బాగా పెంచి, దూరపుదాన్ని బాగా తగ్గించి చూపిస్తాయి. కెమెరా కిందుగా పోయిన మామూలు ఇంటిపిల్లి కూడా పులంత కనపడేది అందుకే.

అడుగుజాడ దొరికితే ఇంకా మంచిది. పక్కన పది రూపాయల నాణెం పెట్టి (దాని వ్యాసం 27 మిల్లీమీటర్లు), ఫోనును జాడకు సరిగ్గా పైన పట్టి తీయండి. పక్క నుంచి తీస్తే కొలత పోతుంది. పిల్లి జాతి జంతువులు నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటాయి కాబట్టి గోటి గుర్తులు పడవు. మడమ మెత్త వెనక అంచు మూడు ముక్కలుగా ఉంటుంది. చిరుత జాడ వెడల్పు సుమారు 7 నుంచి 9 సెంటీమీటర్లు, జంగపిల్లిది అందులో సగం. కుక్క జాడలో గోళ్లు గుచ్చుకుని కనిపిస్తాయి, నడిమి రెండు వేళ్లు ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి. అయితే గట్టి నేల మీద కుక్క గోళ్లు పడకపోవచ్చు. బురదలో ఏ జాడైనా జారి పెద్దదవుతుంది. నమ్మకమైన జాడ కావాలంటే గేటు దగ్గర మీటరు పొడవు, మీటరు వెడల్పున జల్లెడ పట్టిన మన్నును వేలు మందం పరిచి, చెక్కతో సాఫు చేసి వదలండి. పిండి చల్లొద్దు, చీమలు పట్టి తెల్లారేసరికి జాడలు చెడిపోతాయి.

చిరుతగా పొరబడే మరో రెండు జంతువులు కూడా మన దగ్గర ఉన్నాయి. పునుగుపిల్లికి నిజంగానే మచ్చలుంటాయి, కానీ అవి ఒంటి పొడవునా వరుసలు కట్టి ఉంటాయి. కాళ్లు పొట్టి, మూతి కోసు, తోకంతా పట్టీలు. దీన్ని చిరుత పిల్ల అంటారు. దుమ్ములగొండికి మచ్చలు కాదు చారలుంటాయి. భుజాలు ఎత్తుగా, నడుము కిందికి వాలి ఉంటుంది. ఆ వాలు ఒకసారి చూస్తే మళ్లీ పొరబడరు.

ఇదంతా చెప్పి చిరుతలే లేవని మేమనడం లేదు. పాలమూరు గుట్టల్లో చిరుతలున్నాయి. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో పరుచుకున్న 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో చిరుతలే కాదు పులులూ ఉన్నాయి. పొడుగు తోక, గుండ్రటి చెవులు కనిపిస్తే వీడియోను గ్రూపుల్లో తిప్పకుండా, సమయం, చోటు రాసి అటవీ శాఖ రేంజ్ ఆఫీసుకు పంపండి. కుక్కల్ని, మేకల్ని రాత్రి లోపల కట్టేయండి. టార్చి పట్టుకుని చూసొద్దామని గుంపుగా బయలుదేరడం మాత్రం వద్దు. మూలకు నెట్టిన చిరుత మీద పడుతుంది, వదిలేస్తే దాని దారిన అది పోతుంది.

ప్రశ్న: దసరా నాడు పాలపిట్టను చూడాలని పొద్దున్నే మిద్దె ఎక్కుతాం. మా ఇంటి ముందు కరెంటు తీగ మీద నీలిరంగు పిట్ట రోజూ కూర్చుంటుంది. మా మామయ్య అది పాలపిట్ట కాదంటున్నారు. నీలంగా ఉన్నది పాలపిట్ట కాకపోతే మరేది? – నల్లగొండ, రామగిరి

జవాబు: మీ మామయ్యగారు చెప్పిందే నిజం. మీరు పంపిన ఫొటోలోది లకుముకి పిట్ట, కొన్ని ఊళ్లలో బుచ్చిగాడు అంటారు. ఈ తికమకకు కారణముంది. లకుముకి కూర్చున్నప్పుడే వీపు నీలంగా మెరుస్తుంది. పాలపిట్ట కూర్చున్నప్పుడు దాని నీలం సగానికి పైగా దాక్కుంటుంది. రొమ్ము, వీపు గోధుమరంగులో మట్టికొట్టుకున్నట్టు ఉంటాయి. ఎగిరినప్పుడు రెక్కలు విచ్చుకుంటే ముదురు నీలం, లేత నీలం పట్టీలు ఒకదాని పక్కన ఒకటి బయటపడతాయి. తీగ మీద కూర్చుని నీలంగా వెలిగిపోతుంటే ముందు లకుముకినే అనుమానించాలి.

రంగు వదిలేసి ముక్కు చూడండి. లకుముకి ముక్కు పొడుగ్గా, లావుగా, ఎర్రగా ఉంటుంది. తల, పొట్ట చాక్లెట్ రంగు, గొంతు నుంచి రొమ్ము దాకా తెల్లటి చొక్కాగుడ్డ. పాలపిట్ట ముక్కు నల్లగా, పొట్టిగా ఉంటుంది. పరిమాణంలో అది పావురమంత, లకుముకి కాస్త చిన్నది. 'చేపలు తినేది చెరువు లేని కాలనీలో ఎందుకుంటుంది' అని కొందరు అడుగుతారు. ఈ రకం లకుముకికి చెరువుతో పనిలేదు. మిడతలు, బల్లులు, తొండలు తిని బతుకుతుంది. పాత బావి గోడలోనో మట్టి గట్టులోనో బొరియ తవ్వి గుడ్లు పెడుతుంది. పాలపిట్ట చెట్టు తొర్రల్లో పెడుతుంది. తల విరిగి ఎండిపోయిన తాటి మోడు ఉంటే అక్కడ చూడండి. నల్లగొండ చుట్టూ తాళ్లకు కొదవ లేదు.

పొద్దున 7 నుంచి 9 నడుమ పొలాల వైపు తీగలు, ఒంటరి తుమ్మ చెట్లు, స్తంభాల కొనలు వెతకండి. నేల మీదికి దూకి, మిడతను పట్టి మళ్లీ అదే చోటుకు వచ్చి కూర్చునే అలవాటు దానిది. దూకేటప్పుడు నీలం పట్టీలు తప్పక కనిపిస్తాయి. ఇంకొక్క మాట. పండుగ నాడు పంజరంలో పెట్టి, డబ్బులు తీసుకుని చూపించే పాలపిట్టను చూడకండి. పట్టిన పిట్ట రెక్కలు ఎగరకుండా కత్తిరిస్తారు, కాళ్లు కట్టేస్తారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. అది మన రాష్ట్ర పక్షి అన్న సంగతి ఆ పంజరం పట్టుకున్నవాళ్లకూ తెలుసు.

ప్రశ్న: స్నానాల గది మూలన జానెడు పాము, నల్లటి ఒంటి మీద తెల్ల పట్టీలు. కట్లపాము అని కొందరు, కాదు, విషం లేని పాము అని కొందరు అన్నారు. ఈలోగా అది తూములోకి పోయింది. ఎట్ల గుర్తుపట్టాలి? – దేవరకొండ

జవాబు: ఇళ్లలోకి వచ్చే విషం లేని వుల్ఫ్ స్నేక్, ప్రాణం తీసే కట్లపాము పైకి ఒకేలా ఉంటాయి. రెండూ రాత్రిపూటే తిరుగుతాయి. ఫొటోలో వేరు చేయడానికి పట్టీలు ఎక్కడ మొదలయ్యాయో చూస్తారు. వుల్ఫ్ స్నేక్‌కు పట్టీలు మెడ దగ్గరే మొదలవుతాయి, అక్కడే వెడల్పుగా, స్పష్టంగా ఉండి తోక వైపు పోనుపోను మాసిపోతాయి. ఎదిగిన కట్లపాముకు దీనికి తలకిందులు: మెడ వెనక కొంత మేర పట్టీలు ఉండవు, లేదా లేతగా ఉంటాయి. తర్వాత సన్నటి తెల్ల గీతలు, చాలాచోట్ల జంటలుగా, తోక దాకా స్పష్టంగా సాగుతాయి. కట్లపాము వెన్ను మీద నట్టనడుమ పొలుసుల వరుస మిగతావాటికంటే పెద్దది, ఒక్కో పొలుసు ఆరుపలకలుగా ఉంటుంది. గోడ నున్నగా ఉన్నా పాకి పైకి పోయిందంటే వుల్ఫ్ స్నేక్ కావడానికే అవకాశం ఎక్కువ.

ఇంతవరకు చాలామందికి తెలిసిందే. మీ విషయంలో ప్రమాదం వేరే చోట ఉంది. కట్లపాము పిల్లలకు పట్టీలు మెడ దగ్గర నుంచే స్పష్టంగా ఉంటాయి. అంటే పైన చెప్పిన గుర్తు జానెడు పాము దగ్గర పనిచేయదు. మీరు చూసింది సరిగ్గా ఆ పొడవే. పొలుసులు లెక్కపెట్టేంత దగ్గరికి ఎవరూ పోకూడదు కాబట్టి, ఇంట్లో కనిపించిన నల్ల పాముకు తెల్ల పట్టీలుంటే కట్లపామే అనుకుని నడుచుకోండి. రెండు మీటర్ల దూరం నుంచి ఫోను జూమ్ చేసి ఫొటో తీయండి. తలుపు మూసి, కింది సందులో తడి తువ్వాలు కుక్కండి. పాములు పట్టడం తెలిసినవాళ్లను పిలవండి. తూముకు సన్న జాలీ బిగించండి. వానాకాలం నేల మీద పడుకోవద్దు. మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకుని పడుకోవాలి.

కట్లపాము కాటు చాలాసార్లు నొప్పి పెట్టదు, వాపు రాదు. నిద్రలో చీమ కుట్టిందనుకుంటారు. తర్వాత కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం మొదలవుతాయి. కాటు గుర్తు లేకపోయినా ఈ లక్షణాలు కనిపిస్తే 108కు ఫోన్ చేసి, వెంటిలేటర్ ఉన్న పెద్దాసుపత్రికి పోవాలి. కట్టు బిగించడం, కోయడం, మంత్రం, పసరు ఏదీ వద్దు. పామును చంపి పట్టుకుపోనక్కర్లేదు. మన దగ్గర ఇచ్చే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ పనిచేసేదే.

ప్రశ్న: పల్లి చేను పక్కనే మా ఇల్లు. వాకిట్లో కొండచిలువ పిల్ల దొరికితే మా తమ్ముడు గోనె సంచిలో వేసి చెరువు గట్టున వదిలిండు. ఫొటో చూసి ఒకాయన రక్తపింజర అన్నడు. – వనపర్తి జిల్లా

జవాబు: ఆయనన్నదే సరి. మీ తమ్ముడు బతికి బయటపడ్డాడు. వీపు మీద గుండ్రటి మచ్చలు గొలుసులా మూడు వరుసల్లో, ఒకే తీరుగా ఉంటే రక్తపింజర. ఒక్కో మచ్చకు నల్ల అంచు, దాని చుట్టూ సన్నటి తెల్ల అంచు ఉంటుంది. కొండచిలువ మచ్చలు పెద్దవి, ఒకదానికొకటి పోలిక లేకుండా అడ్డదిడ్డంగా ఉంటాయి, ఒళ్లు నున్నగా మెరుస్తుంది. రక్తపింజర పొలుసుల నడుమ ఉబ్బెత్తు గీతలుండి ఒళ్లు గరుకుగా, కాంతి లేకుండా కనిపిస్తుంది. కదిలిస్తే కుక్కర్ ఆవిరి వదిలినట్టు బుసకొడుతుంది. కదిలించకపోతే కదలదు. ఆ నిదానం చూసే కొండచిలువ అనుకుని చేత్తో పడతారు. ఈ పాము గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లల్ని కంటుంది. ఎక్కువగా జూన్, జులై నెలల్లో. పుట్టిన నాటి నుంచే పిల్లలకు విషముంటుంది కాబట్టి చిన్నదని అలుసు చేయొద్దు.

ఇలాగే పొరబడే మరో పాము శాండ్ బోవా. దానికి మొండి తోక, చిన్న కళ్లు, మెడా తలా ఒకే లావు. విషం లేదు. దీని దగ్గరి చుట్టమైన ఎర్ర రకాన్నే రెండు తలల పామని లక్షలకు అమ్ముతామని చెప్పి మోసం చేస్తుంటారు. రెండో తల ఉండదు, అది తోకే. కొన్నా అమ్మినా కేసు.

ప్రశ్న: మా బాల్కనీలో నూరువరహాల పూల దగ్గర హమ్మింగ్ బర్డ్ వచ్చింది! గాల్లోనే నిలబడి తేనె తాగింది. వీడియోలో రెక్కలు కూడా కనపడనంత వేగం. – మిర్యాలగూడ

జవాబు: హమ్మింగ్ బర్డ్‌లు అమెరికా ఖండాలు దాటి ఎక్కడా లేవు. మీరు చూసింది పగటిపూట తిరిగే హాక్ మాత్ అనే చిమ్మెట. ఫోనులో స్లో మోషన్ పెట్టి మళ్లీ తీయండి. తల మీద రెండు మీసాలు, పువ్వులోకి చాచిన వెంట్రుకంత సన్నటి నాళం, తాగడం అయ్యాక ఆ నాళాన్ని చుట్టుకోవడం కనిపిస్తాయి. పిట్టకు ఇవేవీ ఉండవు. రెక్కలు గాజులా పారదర్శకంగా, ఒళ్లు ఆకుపచ్చగా ఉంటే దాని పురుగు మీ కుండీల్లోనే పెరిగి ఉండొచ్చు. గార్డెనియా ఆకుల కింద వెతకండి, తోక చివర చిన్న కొమ్మున్న పచ్చ పురుగు అదే. మందు కొట్టొద్దు, నాలుగాకులు తింటే చెట్టుకేమీ కాదు.

మన దగ్గర ఆ పూల మీదే వాలే నిజమైన పిట్ట తేనెపిట్ట. అది ఎక్కువగా కొమ్మ మీద కూర్చునే తాగుతుంది. పసుపు పొట్ట, గొంతు నుంచి కిందికి ఒక్క నల్లగీత ఉంటే అది కొత్త రకం కాదు, గుడ్లు పెట్టే కాలం దాటాక ఈకలు మార్చుకున్న మగ తేనెపిట్టే.

ప్రశ్న: ఎండాకాలం మా వేపచెట్టు మీద చారల డేగ వాలుతుంది. కానీ కాకులు తరమడం లేదు, అది వేటాడ్డం లేదు. – జడ్చర్ల

జవాబు: డేగలా కనిపించే కోకిల జాతి పిట్ట అది. పుస్తకాల్లో హాక్ కుకూ అని ఉంటుంది. శిక్రా అనే చిన్న డేగకు అచ్చంగా నకలు. ముక్కు చూడండి: డేగది కొక్కెంలా వంగుతుంది, దీనిది దాదాపు తిన్నగా ఉంటుంది. కాళ్లు కూడా బక్కగా ఉంటాయి. మార్చి నుంచి వానలు పడేదాకా, రాత్రిళ్లు కూడా, ఒక్కో మెట్టు పైకెక్కుతూ గొంతు పగిలేలా అరిచేది ఇదే. కాకి గూళ్ల దగ్గర తిరిగే తెల్ల చుక్కల గోధుమరంగు పిట్టనూ కొందరు డేగ అని రాశారు. అది ఆడ కోకిల. కూసేది నల్లటి మగది.

ప్రశ్న: తెల్లారకముందు 'ఊప్ ఊప్ ఊప్' అని పెద్ద గొంతు వినిపిస్తుంది. కొండముచ్చు అనుకున్నాం. ఫోను యాప్ రికార్డింగు విని ఒకసారి గువ్వ అంది, ఇంకోసారి ఏదో అమెరికా పిట్ట పేరు చెప్పింది. – నారాయణపేట

జవాబు: జెముడుకాకి. కాకి కన్నా పొడుగ్గా, ఒళ్లు నల్లగా, రెక్కలు ఇటుకరంగులో, కళ్లు ఎర్రగా ఉంటాయి. పొదల్లో నడుస్తూ తిరుగుతుంది కాబట్టి గొంతు వినిపించినంత సులువుగా కనిపించదు.

యాప్ విషయానికొస్తే, తప్పు చాలావరకు సెట్టింగులది. మెర్లిన్ లాంటి యాప్‌లో భారతదేశపు పక్షుల ప్యాక్ దించుకుని, లొకేషన్ అనుమతి ఇస్తే అమెరికా పేర్లు ఆగిపోతాయి. ఫ్యాన్, మోటారు ఆపి, కనీసం 20 సెకన్లు రికార్డు చేయండి. ఫోను కిటికీ గ్రిల్లుకు తగలకుండా బయటికి చాచి పట్టుకోండి. యాప్ చెప్పిన పేరు ఊహ మాత్రమే, పిట్టను కంటితో చూశాకే రాసుకోవాలి. ఒకే తీరులో నిమిషాల తరబడి 'చిక్ చిక్ చిక్' అనేదానికి యాప్ ఏ పిట్ట పేరు చూపినా ముందు కొమ్మల మీద తోక ఎగరేసే ఉడుతను చూడండి. పిల్లినో పామునో చూసి అరుస్తుంటుంది అది.

ప్రశ్న: పాత ఇంటి అటక మీద తెల్లటి ముఖాల వింత జీవులు నిలబడి బుసకొడుతున్నాయి. పిల్లలు గ్రహాంతరవాసులంటున్నారు, పెద్దలు అరిష్టమంటున్నారు. – నాగర్‌కర్నూల్

జవాబు: బార్న్ ఔల్ అనే గుడ్లగూబ పిల్లలు. కొన్నేళ్ల కింద విశాఖపట్నంలో ఇవే కనిపించి, ఏలియన్లంటూ వీడియో ఊరంతా తిరిగింది. ఈకలు రాక బక్కగా నిలబడితే అట్లనే ఉంటాయి. ఒకటి పెద్దగా, ఒకటి చిన్నగా ఉండటం చూసి వేరు వేరు జీవులనుకోవద్దు. తల్లి మొదటి గుడ్డు నుంచే పొదుగుతుంది, అందుకని ఒక్కోటి రెండు మూడు రోజుల తేడాతో పుడతాయి. సుమారు రెండు నెలలకు ఎగిరిపోతాయి. అప్పటిదాకా అటక తలుపు మూయకండి, లైటు వేయకండి, అన్నం పాలు పెట్టకండి. తల్లిదండ్రులు రాత్రంతా ఎలుకలు తెస్తాయి. ఇంట్లో ఎలుకల మందు వాడుతుంటే ఇవాళే ఆపండి. మందు తిన్న ఎలుకను తింటే పిల్లలూ చస్తాయి.

ప్రశ్న: వాన పడ్డప్పుడల్లా స్నానాల గదిలో నల్లటి సన్న వానపాములు వస్తున్నాయి. ఉప్పు చల్లుతున్నాం. – సూర్యాపేట

జవాబు: చల్లొద్దు. వానపాము ఒంటిని సాగదీసి, ముడుచుకుని కదులుతుంది, ఒంటి మీద ఉంగరాల్లాంటి గీతలుంటాయి. మీ వీడియోలోది సాగడం లేదు, మెరుస్తూ పక్కలకు మెలికలు తిరుగుతూ పరుగెత్తుతోంది. అది గుడ్డిపాము. జానెడు కూడా పెరగదు, విషం లేదు, కరవలేదు. చీమల, చెదల గుడ్లు తింటుంది. అన్నీ ఆడవే, మగ లేకుండానే గుడ్లు పెడతాయి. పాత పోస్టుకార్డు కిందికి జరిపి ఎత్తి, తడి మన్నున్న పూలకుండీలో వదలండి, రెండు నిమిషాల్లో లోపలికి దూరిపోతుంది.